గ్రీన్ బెల్టూ, వైట్ బెల్టూ

మొన్న భద్రాచలం వెళ్ళినప్పుడు మా మేనల్లుడి కరాటే క్లాసు చూద్దామని వెళ్ళా. చేరి ఏడాది కాలేదు, అప్పుడే గ్రీన్ బెల్టు! "ఏదీ, ఓ కటా చెయ్యరా" అంటే సగంలో ఆగిపోయాడు. మరి బెల్టెలా ఇచ్చారంటే "ఫీజు కట్టాం కదా మామయ్యా" అన్నాడు.

వాడి పక్కనే చర్ల వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న కుర్రాడు అదే కటా తడుముకోకుండా చేసేశాడు. నడుముకి మాత్రం ఇంకా వైట్ బెల్టే. గ్రేడింగ్ ఫీజు కట్టలేకపోయాడట. మానేద్దామనుకుంటున్నాడట కూడా.

జూడో మొదలుపెట్టిన కానో జిగోరో వృత్తిరీత్యా పంతులు. 1883లో తొలి డాన్‌లు ఇచ్చింది ఆయనే. 1924లో ఫునాకోషి ఆ పద్ధతిని కరాటేలోకి తెచ్చాడు. రంగుల బెల్టులు 1920, 30ల్లో యూరప్ జూడో క్లబ్బుల్లో ప్రచారంలోకొచ్చాయి. శిష్యుడు ఎంతవరకు వచ్చాడో, ఇంకేం రావాలో చెప్పలేని బెల్టు ఉత్త గుడ్డముక్కే కదా?

క్లయింటు బిల్లు కట్టాడని టెస్టులు ఫెయిలైన కోడ్‌ని రిలీజ్ చేస్తామా? (చేస్తాం లెండి, అది వేరే సంగతి!)

నాకు తోచింది ఇదీ. ఏ బెల్టుకి ఏమేం రావాలో గోడమీద తెలుగులో రాసిపెట్టాలి. ఒక్కొక్కటీ వచ్చినప్పుడల్లా పేరు పక్కన టిక్కు. అన్నీ వస్తే బెల్టు, లేకపోతే లేదు. మాస్టారూ బతకాలి, నిజమే. నెల ఫీజు పెంచండి, పరీక్షకి మాత్రం వద్దు. నెల ఫీజు కూడా కట్టలేని పిల్లలుంటే, ఊరు వదిలొచ్చి జీతాలు తీసుకుంటున్న మనలాంటి వాళ్ళం ఉన్నాం కదా!

ఏమంటారు?