మా ఇంట్లో చోటు మమ్మల్నడగరా?

కొత్త బీరువా మోసుకొచ్చిన కూలీ కూడా గుమ్మంలో ఆగి, "ఎక్కడ పెట్టమంటారమ్మా?" అని అడుగుతాడు. ఇల్లు మనది గనక. ఆపాటి మర్యాద కంప్యూటర్లో కాపురానికొచ్చే ప్రోగ్రాములకు లేకుండా పోతోంది.

కంప్యూటరు గొడవ మనకెందుకని పేజీ తిప్పేయకండి. పిల్లల చదువులూ, పెళ్ళి ఫొటోలూ, ఇంటి లెక్కలూ ఇవాళ అందులోనే ఉన్నాయి కదా!

విండోస్ ఉన్న కంప్యూటర్లో చోటు సాధారణంగా గదులుగా ఉంటుంది. సీ డ్రైవు వంటిల్లనుకోండి, డీ డ్రైవు హాలు. విండోస్ ఉండేది వంటింట్లోనే. విండోస్ 11కే కనీసం 64 జీబీ చోటుండాలని మైక్రోసాఫ్టు వారి నియమం. సీ 128 జీబీ, డీ 1 టీబీ ఉన్న మిషన్లు మనవాళ్ళ ఇళ్ళల్లో బోలెడు. వంటిల్లు ఇరుకు, హాలు ఖాళీ! వచ్చిన ప్రతి ప్రోగ్రామూ వంటింట్లోకే దూరితే సీ నిండిపోతుంది. విండోస్ అప్‌డేట్లు ఎక్కవు, పని నత్తనడక. రామతీర్థం నుంచి దాన్ని విజయనగరం మోసుకెళ్తే, "చోటు చాలట్లేదండీ, కొత్త డిస్కు వేయించండి" అంటారు. డీలో అంత చోటుండగా మళ్ళీ డబ్బెందుకు పోయాలి?

చాలా ప్రోగ్రాములు ఎక్కేటప్పుడు ఏ ఫోల్డరులో ఉండమంటారని అడుగుతాయి. 'బ్రౌజ్' నొక్కి చోటు చూపిస్తాం. కానీ గూగుల్ క్రోమ్ అడగదు. ఇప్పటి మైక్రోసాఫ్ట్ ఆఫీసూ అడగదు, తిన్నగా విండోస్ ఉన్న డ్రైవులోకే పోతుంది. విచిత్రమేమిటంటే, తమ స్టోరు నుంచి తెచ్చుకునే కొత్త యాప్‌లు ఏ డ్రైవులో ఉండాలో చెప్పుకునే వీలు అదే మైక్రోసాఫ్టు విండోస్ సెట్టింగుల్లో పెట్టింది. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కోవడమంటే ఇదే.

వాళ్ళ వాదనా విందాం. 'ప్రోగ్రాం ఫైల్స్' ఫోల్డరుకు కాపలా ఉంది, మామూలు వాడకందారు అందులో మార్పులు చేయలేడు, కాబట్టి అది క్షేమం అంటారు. నిజమే. అయితే ఆ ముక్క చెప్పి హెచ్చరించండి, తలుపు మూసేయడమెందుకు? చోటు మారిస్తే అప్‌డేట్లు చెడతాయంటారు. ఇది మాత్రం ఒప్పుకోను. పిల్లలు ఆటలాడుకునే స్టీమ్ ఏ డ్రైవని అడిగి మరీ ఆట ఎక్కిస్తుంది, అప్‌డేట్లూ తనే తెచ్చుకుంటుంది. చేతకాక కాదు, అడగాలని తోచక.

ఇక మూడో వాదన అసలైనది. "మామూలు వాళ్ళకి అర్థం కాదు, మేం చూసుకుంటాం." ఈ మాట ఎక్కడో విన్నట్టు లేదూ? బ్యాంకు పుస్తకం గురించి అడిగితే "నీకెందుకే!", పొలం కాగితాల మీద సంతకం పెట్టమన్నప్పుడు "నీకెందుకమ్మా!" అన్నవాళ్ళంతా మన మేలు కోరే అన్నారు. ఏ డబ్బాలో పప్పుందో, ఏ అటక మీద పెద్ద గిన్నెలున్నాయో కళ్ళు మూసుకుని చెప్పగల ఆడదానికి రెండు డ్రైవుల తేడా అర్థం కాదట!

మా రామతీర్థంలో కొండ కింద రామస్వామి కోవెల. గురుభక్తులకొండ మీద బౌద్ధ విహారాల శిథిలాలు. ఇంకో కొండ మీద జైన విగ్రహాలు. ఎవరికి అనువైన చోటు వాళ్ళు చూసుకున్నారు. అందర్నీ ఒకే కొండ ఎక్కమని ఉంటే ఊరికి ఇంత చరిత్ర మిగిలేదా?

అడిగేది పెద్ద వరం కాదు. మామూలు చోటు మీరే సూచించండి, తొందరలో ఉన్నవాళ్ళు 'నెక్స్ట్' నొక్కి పోతారు. పక్కన 'వేరే చోట' అని చిన్న మీట ఉంచండి, చాలు.

ప్రోగ్రాములు రాసే అబ్బాయో అమ్మాయో లేని కుటుంబం ఇవాళ మనలో ఎక్కడుంది? హైదరాబాదు నుంచో అమెరికా నుంచో వాళ్ళు ఫోను చేసినప్పుడు, "తిన్నావా?" అన్నాక ఇంకో మాటా అడగండి: "మీరు రాసే ప్రోగ్రాము ఎక్కడుండాలో మమ్మల్నడుగుతుందా, నాయనా?"