చుండూరికి వచ్చిన న్యాయస్థానము

తెనాలి రైల్వే స్టేషను దాటిన పిమ్మట పట్టాలు రెండు దారులుగా చీలును. ఒక దారి వేమూరు, భట్టిప్రోలు మీదుగా రేపల్లెకు పోవును. మరియొకటి బాపట్ల మీదుగా మద్రాసు వైపు సాగును. ఈ రెండవ దారిలో, తెనాలి వదలిన కొలది సేపటికే, చుండూరు అను చిన్న స్టేషను వచ్చును. ఇరుప్రక్కల వరిచేలు, కాలువలు. చూచుటకు డెల్టా గ్రామములన్నిటి వంటిదే. అయినను మన దేశపు న్యాయచరిత్ర వ్రాయువాడు ఈ ఊరిని విడిచి ముందుకు పోలేడు.

ప్రభుత్వమునకు మూడు అంగములని మీరు పౌరశాస్త్రములో చదివియున్నారు. శాసనాంగము చట్టము చేయును. కార్యనిర్వాహకాంగము దానిని అమలు జరుపును. న్యాయాంగము తగవు తీర్చును. ఇంతమాత్రము వ్రాసిన పరీక్షలో మార్కులు వచ్చును. కాని ఒక పేదవాడు తనకు జరిగిన అన్యాయమును చెప్పుకొనుటకు ఇల్లు కదలినప్పుడు ఈ మూడును అతని వెంట కదలవలెను. ఒకటి నిలిచిపోయెనా, తక్కిన రెండును ఉండియు లేనట్లే.

1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు దళితులు హత్యకు గురియైరి. అప్పుడు ప్రకాశం జిల్లాలో నుండిన ఆ గ్రామము 2022లో ఏర్పడిన బాపట్ల జిల్లాలో చేరినది. చుండూరును అట్లే చేరినది. ఇట్టి ఘోరములు దేశమున పెక్కుచోట్ల జరుగుటచే పార్లమెంటు 1989లో షెడ్యూల్డు కులములు, తెగలపై అత్యాచారముల నిరోధక చట్టమును చేసెను. ప్రత్యేక న్యాయస్థానములు ఉండవలెననియు, విచారణ త్వరగా ముగియవలెననియు దాని ఉద్దేశము. 1990 జనవరి 30న ఆ చట్టము అమలులోనికి వచ్చినది. పదునెనిమిది నెలలు గడచిన వారమునకు, 1991 ఆగస్టు 6న, చుండూరులో ఎనిమిదిమంది దళితులను చంపిరి. సినిమా హాలులో ఒకరి కాలు మరియొకరికి తగిలినదను చిన్న తగవు సాంఘిక బహిష్కరణగా పెరిగి, చివరకు ఈ దారుణమునకు దారితీసినది. ప్రాణభయముతో ఊరు విడిచినవారు తెనాలిలో శిబిరములలో తలదాచుకొనిరి.

అప్పుడు బాధితులు కోరిన కోరిక నాకు మిక్కిలి తెలివైనదిగా తోచును. న్యాయస్థానము మా ఊరికి రావలెనని వారు పట్టుబట్టిరి. దీనిలోని మర్మము కూలికి పోవువారికి తెలియును. జిల్లా కేంద్రములోని కోర్టుకు పోవలెనన్న ఆనాటి కూలి పోవును. బస్సు ఛార్జీలు చేతి నుండి పెట్టుకొనవలెను. తీరా పోయిన పిమ్మట ‘వాయిదా పడినది’ అను మాట వినిపించును. వాయిదా అన్నది వకీలుకు ఒక తేది మాత్రమే; కూలివానికి అది ఒక పూట పస్తు. ఇట్లు పది వాయిదాలు తిరిగిన సాక్షి పదునొకండవమారు పోకున్నచో ఆ తప్పు అతనిదా? ప్రభుత్వము ఎట్టకేలకు అంగీకరించి చుండూరులోనే ప్రత్యేక న్యాయస్థానమును నెలకొల్పినది. నేరము జరిగిన ఊరిలోనే సాక్షులు నిలిచి మాటలాడిరి. ఇది మన రాష్ట్రము గర్వింపదగిన ఏర్పాటే.

గర్వము అంతటితో ఆగవలసియున్నది. విచారణ మొదలగుసరికి 2004వ సంవత్సరము వచ్చినది. అనగా నేరము జరిగి పదమూడేండ్లు! మీలో పలువురి వయస్సు ఇప్పుడు పదమూడేండ్లే. మీరు పుట్టిన దినమున, ఏ గంటకు, మీ బంధువులలో ఎవరు ఎక్కడ నిలిచియుండిరో మీ అమ్మగారిని నేడు అడిగి చూడుడు. అది సంతోషపు దినము. అయినను ఆమె రెండుమూడుచోట్ల తడబడును. ప్రాణము దక్కించుకొనుటకు చేలవెంట పరుగెత్తిన దినమును గూర్చి, పదమూడేండ్లకు బోనులో నిలిచి, ఎవరు ఎవరిని ఎక్కడ కొట్టిరో, అప్పుడు గంట ఎంతో చెప్పవలసి వచ్చినవారి స్థితి ఎట్టిదో ఊహింపుడు.

2007 జూలై 31న ప్రత్యేక న్యాయస్థానము తీర్పు చెప్పినది. 21 మందికి యావజ్జీవ కారాగారము, 35 మందికి ఒక్కొక్క యేడు శిక్ష. 2014 ఏప్రిల్ 22న ఉన్నత న్యాయస్థానము ఆ శిక్షలన్నిటిని కొట్టివేసినది. మరణము సంభవించిన సమయము, స్థలము, దాడి చేసినవారెవరు అను సంగతులను ప్రాసిక్యూషను వారు సరిగా రుజువు చేయలేదని ఆ న్యాయస్థానము అభిప్రాయపడెను. పిమ్మట అప్పీలు సర్వోన్నత న్యాయస్థానమునకు చేరినది.

సందేహమునకు తావు లేకుండ రుజువు కానిదే ఎవరిని శిక్షింపరాదను నియమమును నేను తప్పుపట్టను. రేపు మీ మీద ఎవరైన అబద్ధపు కేసు పెట్టినచో మీకు దిక్కు ఆ నియమమే. కాని ఆలస్యము చేసినది ఒకరు, ఆ ఆలస్యముచే చెదరిన సాక్ష్యమునకు నష్టపోయినది మరియొకరు అయినప్పుడు, దానిని న్యాయము అనుటకు నా నోరు రాదు. ముద్దాయిల సంగతి కూడ చూడవలెను. తుదకు నిర్దోషియని తేలినవాడు అంతకాలము హంతకుడను పేరు మోసినాడు. ఆ యేండ్లను అతనికి ఎవరు తిరిగి ఇత్తురు?

ఈ ఆలస్యమునకు న్యాయమూర్తులే బాధ్యులని కొందరు అందురు. నేను ఒప్పుకొనను. న్యాయస్థానము తన భవనమును తాను కట్టుకొనజాలదు. తన జీతములకు తాను నిధులు మంజూరు చేసికొనజాలదు. దర్యాప్తు పోలీసులది. ప్రత్యేక ప్రాసిక్యూటరును నియమించునది ప్రభుత్వము. వీనిలో ప్రతి కాగితము ఒక్కొక్క బల్లమీద ఒక్కొక్క నెల నిదురించిన చాలును, సంవత్సరములు గడచిపోవును. కారంచేడు కేసు సర్వోన్నత న్యాయస్థానములో ముగియుసరికి 2008 డిసెంబరు వచ్చినది, అనగా ఇరువదిమూడేండ్లు.

శీఘ్ర విచారణ పౌరుని ప్రాథమిక హక్కులోని భాగమని సర్వోన్నత న్యాయస్థానము 1979లోనే, బీహారు జైళ్లలో విచారణ లేక మ్రగ్గుచున్న ఖైదీల కేసులో ప్రకటించెను. రాజ్యాంగము 21వ అధికరణమునకు అది చెప్పిన అర్థము. ఇక 1989 నాటి చట్టమును 2015లో సవరించిరి. ఆ సవరణ 2016 జనవరి 26 నుండి అమలులోనికి వచ్చినది. అభియోగపత్రము దాఖలైన రెండు నెలలలోగా విచారణ ముగియవలెననియు, అప్పీలు మూడు నెలలలో తేలవలెననియు దానిలో వ్రాసిరి. సాక్షుల రక్షణకు, వారి ప్రయాణపు ఖర్చులకు కూడ ఏర్పాటు చేసిరి. చుండూరు కూలివాండ్ర గోడు ఇన్నాళ్లకు చట్టముపుటలలోనికి ఎక్కినదని నాకు సంతోషము కలిగినది. అయితే ఆ గడువుల ప్రక్కనే ‘సాధ్యమైనంతవరకు’ అను ఒక మాటను చేర్చియున్నారు. నాకు భయమంతయు ఆ ఒక్క మాటను చూచియే.