కంటికి జాతేమిటి?

మా పెద్దకడుబూరులో నాకు మామ వరసయ్యే పెద్దాయన ఒకరున్నారు. చూపు లేదు. అయినా పొద్దున్నే టీ హోటలుకు ఎవరి సాయమూ లేకుండా నడిచి వస్తారు. ఎన్ని అడుగులకు వీధి మలుపు, ఎక్కడ కాలువ మీది బండ కదులుతుంది, ఎవరి అరుగు దారిలోకి వచ్చింది... అన్నీ ఆయన కాళ్లకు తెలుసు. లెక్కకు చిక్కనిది ఒక్కటే, వీధికుక్క.

చేతికట్టెతో నేలను తడుముకుంటూ వస్తుంటే దారిలో పడుకున్న కుక్క ఉలిక్కిపడి లేస్తుంది. కట్టె పట్టిన మనిషంటే దానికి తెలిసింది దెబ్బే కదా! గుర్రుమంటుంది. దాని గొంతు విని ఇంకో నాలుగు చేరతాయి. ఒకరోజు అలాగే చుట్టుముడితే హోటలు దగ్గరున్న వాళ్లమంతా పరిగెత్తుకెళ్లి అదిలించాం. భయపడ్డావా మామా అని అడిగితే ఆయన అన్న మాట ఇంకా నా చెవిలోనే ఉంది.

"ఈ కట్టె నాకు కండ్లప్పా. కుక్కకు మాత్రం అది కట్టెనే."

ఆ తర్వాత చాలా రోజులు ఆయన హోటలుకు రాలేదు. చూపు లేని మనిషి ఇల్లు కదలడం మానేశాడంటే, ఆయన ఊరు నాలుగు గోడల మధ్యకు కుంచించుకుపోయినట్టే. చూడటానికి వెళ్తే మనవడు ఫోనులో ఏదో వినిపిస్తున్నాడు. విదేశాల్లో చూపు లేనివాళ్లను నడిపించే గైడ్ డాగ్ గురించి. మామ నన్ను అడిగారు: "అల్లుడా, ఆ పని మన పందికోన కుక్కకు నేర్పితే రాదా?"

పత్తికొండ మండలంలోని పందికోన ఊరి పేరు మీదే వచ్చిన ఆ కుక్కలు కాపలాకూ వేటకూ పేరుమోసినవని మన వైపు అందరికీ తెలుసు. ప్రశ్న చిన్నదే. జవాబు చెప్పాలంటే నేనూ కొంచెం చదువుకోవాల్సి వచ్చింది.

గైడ్ డాగ్ అంటే, ఆసుపత్రికి పద అనగానే తీసుకెళ్లి నిలబెట్టేది అనుకుంటాం. అది కాదు. దారి మనిషి మనసులోనే ఉండాలి. ఎక్కడ తిరగాలో మనిషే చెప్పాలి. ఆ దారిలో అడ్డంగా పెట్టిన మోటారు సైకిలును, మూత లేని కాలువను, తలకు తగిలేలా వంగిన కొమ్మను తప్పించడం కుక్క పని. మెట్టు వస్తే ఆగుతుంది. సిగ్నల్ లైట్లు చూసి అది రోడ్డు దాటించదు. బండ్ల చప్పుడు విని దాటొచ్చని నిర్ణయించేది మనిషే. ఆయన పద అన్నప్పుడు నిజంగా బండి మీదికొస్తుంటే మాత్రం కుక్క కదలదు. యజమాని మాట ఎప్పుడు వినకూడదో కూడా దానికి నేర్పుతారన్నమాట.

ఈ చదువు పద్ధతిగా మొదలైంది మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో. యుద్ధంలో చూపు పోయిన సైనికుల కోసం గెర్హార్డ్ స్టాలింగ్ అనే డాక్టరు 1916లో జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్‌లో బడి పెట్టారు. జర్మనీలో ఇలాంటి శిక్షణ చూసిన డొరొతీ యూస్టిస్ అనే అమెరికా మహిళ 1927లో ఒక పత్రికకు వ్యాసం రాశారు. అది విన్న మోరిస్ ఫ్రాంక్ అనే చూపు లేని కుర్రాడు ఆమెకు ఉత్తరం రాసి, స్విట్జర్లాండ్ వెళ్లి, 1928లో 'బడ్డీ' అనే కుక్కతో అమెరికాకు తిరిగొచ్చాడు. విలేకరులు చూస్తుండగా బండ్లతో కిక్కిరిసిన న్యూయార్క్ వీధిని బడ్డీతో దాటి చూపించాడు. మరుసటి ఏడాదే అక్కడ 'ది సీయింగ్ ఐ' శిక్షణ సంస్థ పుట్టింది.

బడ్డీ ఏ జాతో తెలుసా? జర్మన్ షెపర్డ్. మనం పోలీసు కుక్క అని ఆమడ దూరం జరిగే జాతే. ఇంగ్లండులో 1931లో శిక్షణ పొందిన మొదటి నాలుగు గైడ్ డాగ్‌లూ ఆ జాతివే. ఆ దేశంలో ఈ కుక్కకు ఇంకో కథ ఉంది. యుద్ధం వల్ల జర్మనీ పేరు వింటేనే అక్కడి జనానికి మంట. దాంతో కుక్క పేరులోంచి జర్మనీని తీసేసి 'అల్సేషియన్' అని పెట్టారు. మన ఊళ్లలో ఇప్పటికీ అనే అల్సేషన్ అదే. పాత పేరు అధికారికంగా తిరిగి రావడానికి 1977 దాకా పట్టింది. దేశాలు కొట్లాడుకుంటే పేరు పోగొట్టుకున్నది కుక్క!

ఇప్పుడు ఈ పనిలో ఎక్కువగా కనిపించేవి లాబ్రడార్లు, గోల్డెన్ రిట్రీవర్లు, ఆ రెంటికీ పుట్టినవి. కొత్తవాళ్లను అనుమానించవు. గోలకు బెదరవు. మనిషి చేతికి సరిపడే ఎత్తుంటాయి. తిండి మీద ఆశ కాబట్టి నేర్పడం సులువు. జనం తీరు మాత్రం జాతిని బట్టి మారుతుంది. షెపర్డ్‌ను చూస్తే తప్పుకుంటారు, లాబ్రడార్‌ను చూస్తే నిమరడానికి ఎగబడతారు. చూపు లేని మనిషికి రెండూ ఇబ్బందే. దూరం జరిగిపోతే దారి అడగడానికి మనిషి దొరకడు. మీద పడి ముద్దు చేస్తే దారి చూడాల్సిన కుక్క ధ్యాస చెదురుతుంది.

జాతి పిచ్చి ఎంతదాకా పోతుందో ఆస్ట్రేలియాలో జరిగిన సంగతి చెబుతుంది. హవాయిలో ఉండే చూపు లేని ఒకామెకు గైడ్ డాగ్ కావాలి. భర్తకేమో కుక్క వెంట్రుకలు పడవు. అక్కడి గైడ్ డాగ్ సంస్థలో పనిచేసే వాలీ కాన్రన్ 1980ల చివర్లో లాబ్రడార్‌ను, పెద్ద రకం పూడుల్‌ను కలిపి పిల్లలు పుట్టించారు. మూడు పిల్లలు. వాటిలో ఒకటి ఆ ఇంటికి సరిపడింది. అయితే శిక్షణకు ముందు ఇలాంటి పిల్లలను కొన్నాళ్లు ఎవరైనా ఇళ్లలో సాకాలి. సంకర పిల్లలనేసరికి ఒక్కరూ ముందుకు రాలేదు. ఆయన ఒక ఉపాయం చేశారు. మా దగ్గర 'లాబ్రడూడుల్' అనే కొత్త రకం కుక్క ఉందని పత్రికలకు చెప్పించారు. అంతే, ఫోన్లు ఆగకుండా మోగాయి. పిల్లలు అవే, మారింది పేరొక్కటే. ఆ పేరుతో వ్యాపారం పెరిగిపోవడం చూసి, తాను చేసింది పొరపాటేమోనని తర్వాత ఆయనే బాధపడ్డారు.

మనమేం తక్కువ తిన్నామా? 2003లో హచ్ ఫోన్ ప్రకటనలో పిల్లవాడి వెంట తిరిగిన పగ్ కోసం దేశమంతా ఎగబడింది. 2024 మార్చిలో కేంద్రం 23 జాతులను ప్రమాదకరమని చెప్పి దిగుమతి, పెంపకం ఆపమంటూ రాష్ట్రాలకు లేఖ రాసింది. సంబంధించిన వాళ్ల మాట వినకుండా చేశారంటూ ఆ ఏప్రిల్‌లోనే కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. కొనుక్కొచ్చినదానికి బిస్కెట్టు, వీధిలో పుట్టినదానికి రాయి. మన లెక్క ఇదే.

అలాగని కుక్కంటే భయపడేవాళ్లను తప్పుపట్టలేం. 2023లో హైదరాబాదు అంబర్‌పేటలో కుక్కల గుంపు ఒక పసివాడి ప్రాణం తీసింది. రేబిస్‌కు జాతి భేదం లేదు. ఏ కుక్క కరిచినా గాయాన్ని సబ్బుతో పావుగంట సేపు ధారగా పడే నీళ్లకింద కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోవాల్సిందే. వీధికుక్కలకు ఆపరేషన్లు, టీకాలు సక్రమంగా జరిగితే చూపున్నవాళ్లకూ లేనివాళ్లకూ మేలే.

ఇక మామ ప్రశ్నకు జవాబు. పందికోన కుక్కకు తెలివి లేక కాదు. కొత్త మనిషిని అనుమానించడమే దాని గొప్పతనం. అందుకే దొడ్లోకి దొంగ రాడు. గైడ్ డాగ్ అలా ఉంటే కుదరదు. బస్సులో సీటు కింద పడుకుని, పదిమంది కాళ్లు తగిలినా కిమ్మనకూడదు. ఆ నెమ్మదితనం కోసం శిక్షణ సంస్థలు తరాల తరబడి ఏరి పెంచుతాయి. పిల్లలను ఏడాది దాకా ఇళ్లలో సాకించి, తర్వాత నెలల తరబడి నేర్పుతాయి. అయినా చాలా కుక్కలు పరీక్ష నెగ్గవు. నెగ్గనిది చెడ్డ కుక్క కాదు, దాని పని వేరు.

మన దేశంలో గైడ్ డాగ్‌తో నడిచేవాళ్లు చాలా అరుదు. రేపు ఒకరు ఆదోని బస్టాండులో దిగారనుకుందాం. కుక్కను ఎక్కించవద్దని కండక్టర్ అంటాడు. హోటలాయన గుమ్మంలోనే ఆపుతాడు. పిల్లలు ఈల వేస్తారు. వీధికుక్కలు చుట్టుముడతాయి. అమెరికాలోనూ తలుపులు ఒక్కరోజులో తెరుచుకోలేదు. బడ్డీ వచ్చాక అన్ని రాష్ట్రాల్లో చట్టాలు రావడానికి 1956 దాకా పట్టింది. కుక్క కంటే ముందు శిక్షణ కావలసింది మనకేనేమో!

ఆ శిక్షణ కష్టమైనదేం కాదు. నడుముకు పట్టీ కట్టుకుని పనిలో ఉన్న కుక్కను పిలవొద్దు, నిమరొద్దు, తిండి పెట్టొద్దు. మాట్లాడాలనిపిస్తే మనిషితో మాట్లాడండి. చేతికట్టెతో వచ్చేవాళ్లకూ ఇదే మర్యాద. కట్టె పట్టుకుని లాగొద్దు. సాయం కావాలా అని ముందు అడగండి. కావాలంటే మీ మోచేతిని ఆయనను పట్టుకోనిచ్చి, అర అడుగు ముందు నడవండి.

మామ మళ్లీ హోటలుకు వస్తున్నారు. మొదట్లో మనవడు తోడొచ్చేవాడు. ఇద్దరూ మలుపు దగ్గరి కుక్కకు రోజూ రెండు బిస్కెట్లు వేసేవారు. ఇప్పుడు మామ ఒక్కరే వస్తున్నారు. కట్టె చప్పుడు వినగానే అది లేచి పక్కకు జరుగుతుంది. అది మొరగకపోతే మిగతావీ మొరగవు. దారి చూపించదు గానీ దారి ఇస్తుంది.

అది ఏ జాతి కుక్క అని మొన్న హోటల్లో ఎవరో అడిగారు.

"నాకేం కనపడ్తాదప్పా! కట్టెను చూసి బెదరని జాతి" అన్నారు మామ, టీ గ్లాసు కోసం చెయ్యి చాపుతూ.