సెస్సు లెక్క చెప్పండి

పలమనేరులో ఇంటి పన్ను కట్టే ప్రతి ఒక్కరూ రూపాయి పన్నుకు 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కూడా కడుతున్నారు. 1960 నాటి చట్టం ప్రకారం మున్సిపాలిటీ దాన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. డీఎస్సీకో, కానిస్టేబుల్ ఉద్యోగానికో చదువుకునే పిల్లలకు కుర్చీ, ఫ్యాను, కొత్త పుస్తకం రావలసింది ఆ డబ్బుతోనే. ఎంత వసూలైంది, ఎంత జమ చేశారు? కౌన్సిల్ సమావేశంలో ఈ ఒక్క ప్రశ్న అడగని వార్డు మెంబరు మనకెందుకు? పుంగనూరు వాళ్లకైతే 2021 మున్సిపల్ ఎన్నికల్లో ఓటు వేసే అవకాశమే రాలేదు, 31 వార్డులూ ఏకగ్రీవం. పోటీ లేకుండా గెలిచినవాళ్లకు జనానికి జవాబు చెప్పాలన్న భయం ఎక్కడుంటుంది? నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది అదే. ఇళ్ల విషయమూ చూడండి. పట్టణ పేదల కోసం 300, 365, 430 చదరపు అడుగుల టిడ్కో ఇళ్లు ఎక్కడ కట్టినా, ఎవరికి కేటాయించారు, ఎన్ని పూర్తికాలేదు అన్న జాబితా ఆ ఊరి మున్సిపల్ ఆఫీసు గోడమీద కనపడాలి. సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ ఇలాంటివి అడగకముందే చెప్పమంటోంది. ఇక పోలీసుల సంగతి. వాళ్లు మున్సిపాలిటీ కింద ఉండరు, నిజమే. కానీ డీఎస్పీ స్థాయి వరకు అధికారులపై ఫిర్యాదులు వినడానికి జిల్లాకో అథారిటీ ఉండాలని 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. మదనపల్లెలోనైనా కుప్పంలోనైనా, స్టేషన్‌లో అన్యాయంగా దెబ్బలు తిన్న కుర్రాడు ఆ ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలో, ఏ చిరునామాకు పంపాలో తెలుగులో రాసిన బోర్డు ప్రతి పోలీస్ స్టేషన్ గుమ్మం దగ్గర పెట్టించమని మన కౌన్సిళ్లు తీర్మానం చేయాలి.