న్యూయార్క్ అర్ధరాత్రి, హైదరాబాద్ టిఫిన్ వేళ

ఎన్‌వైసీ మిడ్‌నైట్ స్క్రీన్‌ప్లే పోటీలో గంట మోగేది న్యూయార్క్ అర్ధరాత్రి వేళకు. హైదరాబాద్‌లో కూర్చుని రాసేవారికి అది టిఫిన్ సమయం. ఒక జానర్, ఒక విషయం, ఒక పాత్ర చేతికొస్తాయి. హారర్ రాద్దామనుకున్నవారికి ప్రేమకథ పడొచ్చు.

తొలి రౌండుకు 8 రోజులు, 12 పేజీలు. తరువాత 3 రోజులు, 8 పేజీలు. చివరిదాకా నిలిచినవారికి 24 గంటలు, 5 పేజీలే. స్క్రిప్టులో పేజీ అంటే తెరమీద సుమారు నిమిషం. పాత్ర పరిచయానికే రెండు పేజీలు ఖర్చుపెడితే కథ గోవిందా!

అవధానంలో ఇచ్చిన పదాలతోనే పద్యం అల్లే దత్తపది చూసినవారికి ఈ ఇరకాటం కొత్త కాదు. కాకపోతే ఇక్కడ మనసులో మాట కంటికి కనబడాలి. ‘ఆమెకు కోపం వచ్చింది’ అని రాస్తే కెమెరాకు పనిలేదు. కాఫీ గ్లాసు టక్కున బల్లమీద పెడితే ఉంది. ఈ సంచికలో చోటు అలాంటి చిన్న స్క్రిప్టులకే.