పాటలో వినబడని పైకం

ప్రణయవైఫల్యాన్ని గురించిన పాటలంటే మన యువతకు గల మక్కువ ఇంతంత కాదు. ఉర్దూ విభాగంలోని విద్యార్థి తలత్ మహమూద్‌నో బేగం అఖ్తర్‌నో తలచుకుంటే, తెలుగు విభాగంలోని విద్యార్థి ఘంటసాలను తలచుకుంటాడు. వేదన ఒక్కటే, భాషలే వేరని సరిపెట్టుకుంటాము. నేను తెలుగు బోధించేవాణ్ణి. ఇంట్లో మాట్లాడేది దక్కనీ ఉర్దూ. ఈ రెండు ప్రవాహాలలోనూ మునిగి తేలినవాణ్ణి కనుక ఒక విషయం నిర్మొహమాటంగా చెప్పదలచాను. మన భగ్నప్రేమ గీతాలు చాలవరకు హృదయం పగిలిన చప్పుడును వినిపిస్తాయి గాని, దానిని పగులగొట్టిన చేతిని చూపవు. ఆ చేతిని చూపిన చిత్రాలు లేకపోలేదు. వాటిని మనం చూడలేదు. వాటిలోని పాటలను మాత్రం తెచ్చుకొని దాచుకున్నాము.

ముందుగా "దేవదాసు" సంగతి. 1953లో వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో వెలువడిన ఆ చిత్రానికి సముద్రాల రాఘవాచార్యులు పాటలు వ్రాయగా సి.ఆర్. సుబ్బరామన్ స్వరాలు కూర్చారు. చిత్రం విడుదల కాకమునుపే, 1952లో, పిన్న వయస్సులోనే సుబ్బరామన్ కన్నుమూశారు. ఘంటసాల గళంలోని ఆ మత్తు, ఆ వైరాగ్యం నాకూ ప్రాణప్రదమే. కాని అవి విన్నవారికి జ్ఞాపకం ఉండేదేమిటి? మధుపాత్ర, దగ్గు, శాలువ. పార్వతిని ఎవరికిచ్చి పెండ్లి చేశారు? ఎదిగిన పిల్లలు గల, వయసు మీరిన జమీందారుకు. పార్వతి ఇంటివారు ఆడపిల్లకు పైకం పుచ్చుకొనే వంశంవారన్నది, శరత్‌బాబు నవలలో దేవదాసు ఇంటివారికి గల అభ్యంతరాలలో ఒకటి. అనగా ఆ విషాదపు మూలంలో ఒక లెక్క ఉన్నది. చిత్రం చూచి ఇంటికి వచ్చినవారికి లెక్క మరపునకు వస్తుంది, పాత్ర మిగులుతుంది.

సరిగా అటువంటి పెండ్లినే తీసుకొని, మొగవాని దుఃఖానికి బదులు ఆడపిల్ల దుఃఖాన్ని నడుమ నిలిపిన చిత్రం 1982 నాటి "బజార్". దర్శకుడు సాగర్ సర్హదీ "కభీ కభీ" (1976), "సిల్‌సిలా" (1981) వంటి పెద్ద చిత్రాలకు రచన చేసి పేరు పొందినవాడు. దర్శకత్వానికి పూనుకున్నప్పుడు మాత్రం అంగళ్ళలో అమ్ముడుపోయే కథను వదలి మన హైదరాబాదుకు వచ్చాడు. విదేశంలో ధనం గడించి వచ్చిన ఒక నడివయస్కునికి పడుచు పెండ్లికూతురు కావాలి. వెదకి పెట్టే పని నజ్మాకు తగులుతుంది. ఆ పని నెరవేరితే తన ప్రియుడు అఖ్తర్‌కు నాలుగు రాళ్ళు దొరకి, తనను పెండ్లాడగలడని ఆమె ఆశ. దొరికిన పిల్ల శబ్నం. ఆమె మనసిచ్చినది సర్జూ అనే బీద యువకునికి. పెండ్లి జరుగుతుంది, శబ్నం ప్రాణం తీసుకుంటుంది. స్మితా పాటిల్ నజ్మాగా, సుప్రియా పాఠక్ శబ్నంగా, ఫారూఖ్ షేక్ సర్జూగా నటించారు. ఈ చిత్రంలో నన్ను కలవరపెట్టేది ఆ ధనవంతుడు కాడు. నజ్మా. ఆమె దుర్మార్గురాలు కాదు, ఆమె కూడా ప్రేమించినదే. ఒకరి ప్రేమ నెరవేరడానికి మరొకరి ప్రేమను తూకం వేయవలసి వచ్చిన చోట ఆమె నిలిచింది. ఇది కట్టుకథ అనేవారికి 1991 నాటి వార్త గుర్తుచేయవచ్చును. హైదరాబాదు నుండి ఢిల్లీకి పోయే విమానంలో పదేళ్ళ పిల్ల ఏడుస్తూ ఉండడం పరిచారిక గమనించగా, ఆమెను పెండ్లాడి అరబ్బు దేశానికి తీసుకుపోతున్న వృద్ధుని సంగతి బయటపడినది.

ఈ చిత్రానికి ఖయ్యాం కూర్చిన సంగీతం అందరూ ఎరిగినదే. మీర్ తఖీ మీర్ గజల్ లతా గొంతులో ఉన్నది. మఖ్దూం మొహియుద్దీన్ గజల్‌ను లతాతో కలిసి తలత్ అజీజ్ పాడారు. మఖ్దూం (1908–1969) సిటీ కాలేజీలో పాఠాలు చెప్పినవాడు, తెలంగాణ సాయుధ పోరాటకాలంలో అజ్ఞాతవాసం చేసినవాడు. ఆయన గజల్‌లో ప్రతి షేరు చివరా "పూల" అనే అర్థం గల మాట తిరిగి తిరిగి వస్తుంది. దీనిని రదీఫ్ అంటారు. మన పద్యంలో ప్రాస పాదం మొదట రెండవ అక్షరంలో కూర్చుంటుంది. వారిది చివర కూర్చుంటుంది. ఎదురు చూచి అందుకునే సుఖం గజల్‌ది. ఈ సుఖం వల్లనే చిక్కు వచ్చినది. కళాశాల వేడుకలలో ఆ గజల్ పాడుతుంటే పూల పరిమళం సభంతా నిండుతుంది. శబ్నం గుర్తుకు రాదు.

మఖ్దూందే మరొక గజల్ "గమన్" (1978)లో వినిపిస్తుంది. ముజఫ్ఫర్ అలీ తీసిన ఆ చిత్రంలో ఉత్తరప్రదేశ్ పల్లె నుండి బొంబాయికి వెళ్ళి టాక్సీ నడిపే భర్త, ఊళ్ళో కనిపెట్టుకొని ఉన్న భార్య. జయదేవ్ స్వరకల్పనలో దానిని పాడిన ఛాయా గంగూలీకి జాతీయ పురస్కారం లభించినది. ఫైజ్ అహ్మద్ ఫైజ్ ఆ గజల్ బాణీలోనే మఖ్దూం స్మృతికి మరొక గజల్ వ్రాశారు. ఇక్కడ ఎవరూ ఎవరినీ మోసగించలేదు, ఎవరూ అడ్డుపడలేదు. ఊళ్ళో కూలి దొరకదు, పట్నంలో సంపాదన తిరుగు ప్రయాణానికి చాలదు. పాలమూరు నుండి వలసపోయినవారి ఇళ్ళలో, కరీంనగరం నుండి గల్ఫుకు పోయినవారి ఇళ్ళలో ఇది ప్రత్యేకంగా వివరించనక్కరలేదు.

విశ్వవిద్యాలయ వసతిగృహంలో ఉన్న రోజులలో నాకూ ఒక మనస్తాపం కలిగినది. వివరాలు అప్రస్తుతం. పయాం వెళ్ళినది, పెద్దలు దీవాన్‌ఖానాలో కూర్చున్నారు, చాయ్ వచ్చినది, చివరకు జోడే కీ రఖమ్ దగ్గర మాట తెగిపోయినది. వరుడు వధువుకు మహర్ ఇవ్వవలసిన ధర్మంలో, వరుడే జోడా పైకం పుచ్చుకొనే ఆచారం ఎట్లు జొరబడినదో పండితులు చెప్పాలి. ఆ తరువాత చాలా నెలలు నేను తలత్ పాటలే విన్నాను. వెన్నెల, విధి, గాయం అన్నీ వాటిలో ఉన్నాయి. ఆ మొత్తం మాత్రం ఎక్కడా లేదు. మిత్రుడొకడు "బజార్" చూపించిననాడు గాని, నాకు జరిగినది విధి కాదని, బేరమని తెలియలేదు. తెలిసినందున బాధ తగ్గలేదు, కోపం వచ్చినది. ఆ కోపం నాకు మేలే చేసినదని ఇప్పటికీ నా అభిప్రాయం.

కనుక మన విద్యార్థులకు, ముఖ్యంగా రేపు దీవాన్‌ఖానాలలో వరులుగా కూర్చోబోయేవారికి నా విన్నపం ఒక్కటే: పాట విన్న తరువాత ఆ చిత్రం కూడా చూడండి. నిదానంగా సాగుతుంది, పోరాటాలు లేవు, హాస్యగాడు లేడు. ఓపిక పట్టాలి.

"బజార్"లో మరొక పాట ఉన్నది. లక్నో కవి మీర్జా షౌఖ్ మస్నవి "జహరె ఇష్క్" నుండి తీసుకున్న వీడ్కోలు మాటలు అవి. అక్కడ కూడా పెద్దల నిర్ణయానికి తలవంచలేని ఒక పిల్ల ప్రియుని వద్ద సెలవు తీసుకుంటుంది. పాడినది ఖయ్యాం సతీమణి జగ్‌జీత్ కౌర్. 1981లో "ఉమ్రావ్ జాన్" చిత్రంలో పుట్టింటిని విడిచిపోయే పెండ్లికూతురి పాట కూడా ఆమె గొంతులోనే ఉన్నది. ఆమె పాడినవి తక్కువ. గమకాల ఆడంబరం ఉండదు. ఇంటిలో పెద్దక్క ప్రక్క గదిలో కూర్చుండి పాడుతున్నట్లు ఉంటుంది. మిగిలిన పాటలను ఎన్నిసార్లయినా వింటాను. దానిని ఏడాదికి ఒకటి రెండు పర్యాయాలకు మించి వినలేను.