గృహిణీ సల్లాపము: బాలభీముని వేషము



గత మాసమున మా తడ గ్రామమున జరిగిన యొక చిన్న సంగతిని మీతో ముచ్చటింప దలచితిమి.

అమెరికాలో అక్టోబరు 31వ తేదీని హాలోవీన్ అను పండుగనాడు పిల్లలు వింతవేషములు దాల్చి యింటింటను మిఠాయి లడుగుదురు. మన బడులలో నట్టి వేడుక నవంబరు 14వ తేదీని, బాలల దినమున, వేషముల పోటీగా జరుగుచున్నది. వేడుక మంచిదే. కాని బడినుండి చీటి వచ్చినది మొదలు తల్లులకు దిగులు పట్టుకొనును.

ఈయేడు మా చిన్నవాడు ఛోటాభీమ్ వేషమే కావలెనని పట్టుపట్టెను. ఈ బొమ్మలకథ పరదేశపుది గాదు. హైదరాబాదులో రాజీవ్ చిలక గారి గ్రీన్ గోల్డ్ సంస్థవారు కల్పింపగా 2008వ సంవత్సరమున పోగో చానెలున మొదలైనది. లడ్డు తినినంతనే బలము పుంజుకొను బాలుడే యందలి నాయకుడు. సూళ్లూరుపేటలో విచారింపగా నొక్క దినమునకు వేషపు టద్దె 300 రూపాయ లనిరి.

అంతలో మా వీధికి చేపలు దెచ్చు తల్లి యొకతె గుమ్మమున నిలిచి, "అయ్యవారమ్మా! ఆ పొద్దు నా కొడుకును బడికి పంపనమ్మా. మూడునూర్లు ఏడ తెచ్చేది? అందరి నడుమ చిన్నబోతాడు" అనెను. ఆమె పెనిమిటి పులికాట్ సరస్సున వలవేసి జీవించువాడు. పిల్లవాడు మావాని తరగతివాడే. అయ్యవారి కొడుకు అద్దె నగలతో మెరయుచుండ, వాని తోడివాడు గుడిసెలో దాగియుండుటా? ఆ మాట మా మనసున ముల్లువలె నాటెను. "ఇద్దరినీ భీములనే చేయుదమమ్మా, వానిని మా యింటికి పంపు" అంటిమి.

మావాడు పలకపై బొమ్మ గీసి చూపెను: కాషాయపు పంచె, మెడలో పతకము, చేత లడ్డు. పంచెకు రంగు పెరటి పారిజాతమే యిచ్చినది. రాత్రి పూచి వేకువను రాలిన పూవులను పిల్లలిద్దరు ఇరువది దినములు ఏరిరి. తెల్లని రేకులు తీసివేసి, కాషాయవన్నె తొడిమలను మాత్రము నీడను ఎండబెట్టితిమి. నాలుగు దోసిళ్లు కాగానే, గుడ్డ మునుగునన్ని నీళ్లలో పావుగంటసేపు మరిగించి, వడగట్టి, చెంచాడు పటికపొడియు, చిటికెడు పసుపును కలిపితిమి.

మా యింటివారి ఎనిమిది మూరల పాతపంచెను రెండుగా చించి రంగున ముంచితిమి. గంజి వదలకమునుపే ముంచుటచే మచ్చలు పడినవి. పిదప గంజి పోవునట్లు ఉతికి, తడిగుడ్డనే మరల గోరువెచ్చని రంగున అరగంట నానబెట్టగా సమముగా బట్టినది. ఈ రంగు ఎండకు వెలియును గాన నీడనే యారవేయవలెను. ఇతర వస్త్రములతో గలిపి యుతుకరాదు.

పాత శుభలేఖల అట్టను గుండ్రముగా గత్తిరించి, బంగారువన్నె కాగిత మంటించి పతకములు చేసితిమి. పటికకు 10, పూసలకు 20, కాగితమునకు 20, వెరసి ఇద్దరికిని 50 రూపాయలు. లడ్డులకు మారుగా ఇంటి మినుములతో సున్నుండలు చుట్టితిమి.

వేషము కుదిరినది గాని, దానికి బ్రాణము పోయవలెను గదా! సాయంకాలములందు పిల్లల నెదుట గూర్చుండబెట్టుకొని మన నెల్లూరి తిక్కన సోమయాజి తెనిగించిన విరాటపర్వకథ చెప్పితిమి. అజ్ఞాతవాసమున భీమునకు కిరీటము లేదు, పట్టుబట్టలు లేవు. వంటవాడైన వలలుడుగా మత్స్యరాజు కొలువున నిలిచెను. కౌరవుల చారులు వెదకియు గనుగొనలేకపోయిరి. వేషము వెలలో లేదు, దానికి దగిన నడవడిలో నున్నదని పిల్లలు గ్రహించిరి.

పోటీనాడు మొదటి బహుమానము అద్దెకు దెచ్చిన యొక రాజవేషమునకు వచ్చెను. మావాడు కంట నీరు పెట్టుకొనెను. అప్పుడా రెండవ భీముడు తన సున్నుండను రెండు చేసి, సగము మావాని నోట బెట్టి, "తినరా, బలమొస్తాది" అనెను. చూచుచున్న మాకును కన్నులు చెమర్చెను.

ఇకమీదట ఇంట గుట్టిన వేషములనే పోటీకి గ్రహింపవలెనని మా యింటివారు తోడి యుపాధ్యాయులతో బ్రస్తావించిరి. అది యింకను తేలలేదు. సోదరీమణులారా, మీ బడులలోను ఈ మాట మీరే యెత్తుడు. అద్దెకు సొమ్ము లేని కారణమున నే బిడ్డయు బాలల దినమున ఇంట దాగియుండరాదు.